డీ40, 400డి, మధ్యలో మామయ్యగారి లెన్సు

ఇప్పుడు పాత డీఎస్ఎల్ఆర్ కెమెరాల గోల ఎవరికి కావాలీ అంటారా? నిజమే. ఫోన్లే ఇంతింత మంచి ఫొటోలు తీస్తున్న రోజుల్లో, 2006లో వచ్చిన 6 మెగాపిక్సెళ్ళ కెమెరా మంచిదా, అదే ఏడాది వచ్చిన 10 మెగాపిక్సెళ్ళది మంచిదా అని తూకం వేస్తూ కూర్చునేవాడికి వేరే పని లేదనుకోవడం సహజం. నాకు పనుంది. సోమవారం పొద్దున్నే క్లయింటుకి డెమో కూడా ఉంది. అయినా రాస్తున్నానంటే, మొన్న చలికాలం మా ఇంట్లో ఈ తూకమే పెద్ద విషయమై కూర్చుంది కాబట్టి.

ముందు మా ఇంటి కెమెరా గురించి. నికాన్ డీ40. 2011లో ఎమ్మెస్ చెయ్యడానికి టెక్సాస్ వచ్చిన మొదటి సెమిస్టర్లోనే, చదువైపోయి ఉద్యోగానికి వెళ్ళిపోతున్న ఒక సీనియర్ దగ్గర కొన్నాను. 180 డాలర్లు. లైబ్రరీలో గంటకి ఎనిమిది డాలర్లకి పుస్తకాలు సర్దే ఉద్యోగం నాది. అంటే ఇరవై రెండున్నర గంటల సర్దుడు అన్నమాట. ఆ లెక్క ఇప్పటికీ మర్చిపోలేదు.

నా రూమ్మేట్ ఒక గుంటూరు అబ్బాయి. వాడి దగ్గర కెనన్ రెబెల్ ఎక్స్‌టీఐ ఉండేది. అమెరికాలోనే దానికి ఆ పేరు. మిగతా చోట్ల 400డి, జపాన్లో అయితే కిస్ డిజిటల్ ఎక్స్ (ఆ పేరు మీద వాణ్ణి ఎంత ఏడిపించామో చెప్పక్కర్లేదు). ఆదివారం మధ్యాహ్నం పప్పు కుక్కర్లో పడేసి, మూడు కూతలొచ్చేలోపు మా వాదన మొదలయ్యేది. నాది గొప్పదంటే నాది గొప్పదని.

కాయితం మీద చూస్తే వాడిదే గెలుపు. కెనన్ 2006 ఆగస్టులో వచ్చింది, లెన్సుతో కలిపి 900 డాలర్లు. 10 మెగాపిక్సెళ్ళు, తొమ్మిది ఫోకస్ పాయింట్లు, సెకనుకి మూడు ఫొటోలు, సెన్సారు మీద దుమ్ము దానంతటదే దులుపుకునే ఏర్పాటు. నాది అదే ఏడాది నవంబరులో వచ్చింది, లెన్సుతో 600. 6 మెగాపిక్సెళ్ళు, మూడే ఫోకస్ పాయింట్లు, సెకనుకి రెండున్నర ఫొటోలు. ఆ అర ఫొటో ఏంటో నాకెప్పుడూ అర్థం కాలేదు.

అయితే ఈ మెగాపిక్సెళ్ళ లెక్కలో ఒక తిరకాసుంది. 10కీ 6కీ తేడా అంటే అరవై శాతం పైనే అనిపిస్తుంది కదా. కానీ అది వైశాల్యం. వెడల్పులో చూస్తే నాది 3008 పిక్సెళ్ళు, వాడిది 3888. అంటే ఇరవై తొమ్మిది శాతమే ఎక్కువ. అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింటు వేస్తే నాది పదంగుళాల వెడల్పు వస్తుంది, వాడిది పదమూడు. మా ఇద్దరిలో ఒక్కడు కూడా పదంగుళాల ప్రింటు వేయించిన పాపాన పోలేదు. ఆర్కుట్ పోయి ఫేస్‌బుక్కులో పడ్డ రోజులవి, అంతా వేలెడంత బొమ్మలే.

నా వైపు నుంచి అసలైన దెబ్బ వేరే చోట ఉంది. డీ40 బాడీలో ఫోకస్ మోటారు పెట్టలేదు నికాన్ వాళ్ళు. కెమెరాని చిన్నదిగా, చవగ్గా చెయ్యడానికి తీసేశారు. దాంతో మోటారు లెన్సులోనే ఉన్న ఏఎఫ్-ఎస్ రకాలు తప్ప మిగతావాటికి మనమే చేత్తో తిప్పుకుని ఫోకస్ చెయ్యాలి. వంద డాలర్లకి దొరికే 50 ఎంఎం ఎఫ్/1.8డి లెన్సు తగిలించినా అది కదలదు, మెదలదు. కెనన్ వాళ్ళు 1987లోనే పాత లెన్సులన్నిటికీ నీళ్ళొదిలేసి కొత్త ఈఎఫ్ మౌంటు పెట్టి, ప్రతి లెన్సులోనూ మోటారు పెట్టేశారు. ఆ రోజు పాత కస్టమర్లు ఎంత తిట్టుకున్నారో గానీ, పంతొమ్మిదేళ్ళ తరవాత వచ్చిన 400డికి అదే వరమైంది. వాడు తొంభై డాలర్ల 50 ఎంఎం లెన్సు తగిలించి అందరి పుట్టినరోజులకీ వెనకాల మసగ్గా ఉండే ఫొటోలు తీసి తెగ పేరు కొట్టేశాడు. నాకు ఆ మాత్రం దక్కాలంటే 2009లో నికాన్ వాళ్ళు తెచ్చిన 35 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు కొనాలి. దాని ధర 200. కెమెరా కంటే లెన్సు ఖరీదన్నమాట.

మరి డీ40కి గొప్పేమీ లేదా అంటే, ఉంది. చేతిలో పట్టుకుంటే తెలుస్తుంది. 400డి పిడి చాలా సన్నం, చిటికెన వేలు గాల్లో ఉంటుంది. డీ40 చిన్నదైనా పట్టు దొరుకుతుంది. ఇంకోటి ఫ్లాష్. మామూలుగా ఇలాంటి కెమెరాల్లో ఫ్లాష్ వాడితే షట్టరు సెకనులో 200వ వంతు దగ్గర ఆగిపోతుంది. డీ40లో 500వ వంతు దాకా వెళ్తుంది. దాని సీసీడీ సెన్సారు వెలుతుర్ని ఎలక్ట్రానిక్‌గా కత్తిరించగలదు, షట్టరు తెరల వేగం మీదే ఆధారపడదు. మిట్ట మధ్యాహ్నం ఎండలో మనిషి మొహం మీద నీడ పోగొట్టాలంటే ఇది భలే పనికొస్తుంది. అయితే ఈ మధ్య కుర్రాళ్ళు పాత సీసీడీ కెమెరాల రంగుల్లో ఏదో మాయ ఉందని ఎగబడి కొంటున్నారు చూశారా, అది మాత్రం నేను నమ్మను. రంగు వచ్చేది సెన్సారు మీద అతికించిన రంగుల జల్లెడ నుంచీ, ఆ తరవాత ప్రోగ్రాము చేసే లెక్కల నుంచీ. ఆ లెక్కలు రాసినవాడికి దక్కాల్సిన పేరు సిలికాన్‌కి ఇచ్చేస్తున్నారు. (సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఎక్కడికెళ్ళినా ఇంతే.)

సరే, ఇదంతా అప్పటి వాదన. రూమ్మేటు సియాటిల్ వెళ్ళిపోయాడు, నేను డాలస్ పక్కన ప్లేనోలో స్థిరపడ్డాను, పెళ్ళయింది, పాప పుట్టింది. డీ40 అలమరాలోకి చేరింది. మొన్న నవంబరులో మా ఆవిడ వాళ్ళ అమ్మా నాన్నా ఆరునెల్లు ఉండడానికి వచ్చారు.

మామయ్యగారిది కైకలూరు. అక్కడ ముప్ఫై ఏళ్ళు ఫొటో స్టూడియో నడిపారు. పాస్‌పోర్టు ఫొటోలు, స్కూలు గ్రూపు ఫొటోలు, పెళ్ళిళ్ళు, చలికాలంలో కొల్లేటికి వచ్చే గూడబాతుల్ని చూడటానికి వచ్చేవాళ్ళ ఫొటోలు. నెగెటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చెయ్యడంలో ఆ చుట్టుపక్కల ఆయన్ని మించినవాడు లేడని అత్తయ్యగారు చెబుతారు. డిజిటల్ వచ్చి, కరిజ్మా ఆల్బమ్‌లు వచ్చి, కంప్యూటర్ తెలిసిన కుర్రాళ్ళు రంగంలోకి దిగాక 2009లో మూసేశారు. ఆ తరవాత కెమెరా ముట్టుకోలేదు. మొదట్లో పౌరుషం. ఈ ఐదారేళ్ళుగా మాత్రం చేతులు. ఊరికే ఒళ్ళో పెట్టుకుంటే బాగానే ఉంటాయి. ఏదైనా పట్టుకోబోతే వణుకుతాయి. కాఫీ కప్పు, పెన్ను, చొక్కా గుండీ. పార్కిన్సన్స్ కాదని డాక్టర్లు చెప్పారు, ప్రాణానికేం భయం లేదు. కానీ గ్లాసు నిండా నీళ్ళిస్తే ఆయన తీసుకోరు, సగమే పోయమంటారు.

వస్తూ వస్తూ ఆయన పాత పెంటాక్స్ కె1000 కెమెరాని పంచెలో చుట్టి చేతిసంచిలో తెచ్చారు. ఫొటోలు తియ్యడానికి కాదు. "షోకేసులో పెట్టుకుంటాను నాన్నా" అని మా ఆవిడ అడిగిందట. అది నా డీ40 పక్కన అద్దాల వెనకాల కూర్చుంది. మామయ్యగారు రోజూ సాయంత్రం దాని వైపు ఒకసారి చూసి టీవీ పెట్టుకునేవారు.

అల్లుళ్ళకీ మామలకీ మధ్య మాటలెంతుంటాయో మీకు తెలియంది కాదు. "టిఫిన్ చేశారా మామయ్యగారూ", "ఆఫీసు నుంచి ఎప్పుడొచ్చారండీ అల్లుడుగారూ", అంతే. ప్లేనోలో నడిచి వెళ్ళడానికి కొట్టు కూడా లేదు. రెండో వారానికే ఆయన గడ్డివాములా సోఫాలో ఉండిపోవడం చూసి నాకే ఏదోలా అనిపించింది. ఒకరోజు డీ40 తీసి చేతికిచ్చాను. ఆయన అటూ ఇటూ తిప్పి, "తేలిగ్గా ఉందండీ, ఆగదు" అని ఇచ్చేశారు. ఆగదంటే పనిచెయ్యదని కాదు, చేతిలో కుదురుగా నిలబడదని.

ఆ మాట నాలో ఇంజనీరుని లేపింది. వణికే చేతికి బరువు తక్కువుంటే మంచిదని నేననుకుంటాను కదా, ఆయనకి తెలుసు, బరువుంటేనే కుదురు. డీ40 బ్యాటరీ లేకుండా సుమారు 475 గ్రాములు. కె1000 ఉత్త లోహం, ఆరువందలు దాటుతుంది. "పోనీ దీంతోనే తియ్యండి, రీలు తెప్పిస్తాను" అన్నాను. రీలు, కడగడం, స్కానింగ్ అన్నీ కలిపి ముప్ఫై డాలర్లు దాటుతుందని మా ఆవిడ నోరు జారింది. ముప్ఫై ఆరు ఫ్రేములు. "ఫ్రేముకి డాలరా!" అని ఆయన కళ్ళజోడు తీసేశారు. ఇంక ఆ ఊసు లేదు.

మరి ఆ పాత 50 ఎంఎం ఎఫ్/2 లెన్సుని డిజిటల్ కెమెరాకి తగిలిస్తేనో? ఇక్కడే మా పాత వాదన మళ్ళీ బతికింది, కానీ ప్రశ్న మారిపోయింది. మెగాపిక్సెళ్ళు ఎన్ని అని కాదు, లెన్సు నుంచి సెన్సారుకి దూరమెంత అని.

ప్రతి కంపెనీకీ లెన్సు కూర్చునే అంచు నుంచి సెన్సారు దాకా ఒక స్థిరమైన దూరం ఉంటుంది. నికాన్‌కి 46.5 మిల్లీమీటర్లు. పెంటాక్స్‌కి 45.46. కెనన్ ఈఎఫ్‌కి 44. పెంటాక్స్ లెన్సుని నికాన్ మీద పెడితే, అది ఉండాల్సిన చోటు కంటే ఒక్క మిల్లీమీటరు ముందుకి జరుగుతుంది. ఒక్క మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. కాయితం తీసుకుని లెక్క వెయ్యండి. యాభై ఇంటూ యాభై, 2500. దాన్ని 1.04తో భాగిస్తే దాదాపు 2400 మిల్లీమీటర్లు. అంటే రెండున్నర మీటర్ల లోపు ఉన్నవే ఫోకస్ అవుతాయి. ఎనిమిదడుగుల అవతల ఉన్న మనిషి ఎంత తిప్పినా మసకే. మధ్యలో అడాప్టరు మందం కూడా చేరితే ఇంకా దగ్గరికి రావాలి. అద్దం ముక్క ఉన్న అడాప్టర్లు ఉన్నాయి గానీ, మంచి లెన్సు వెనకాల చవక గాజు పెట్టడం నెయ్యిలో డాల్డా కలపడమే.

కెనన్‌కి ఈ బాధ లేదు. దానికి ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా ఖాళీ ఉంది, పల్చటి అడాప్టరు పట్టేస్తుంది. కానీ ఎఫ్/8 పెట్టుకుంటే వ్యూఫైండర్ కూడా ఎఫ్/8 అంత చీకటైపోతుంది, ఎందుకంటే లెన్సు ఆకుల్ని ఫొటో తీసే క్షణంలో మూసే మీట కెనన్లో లేదు. డెబ్భై ఏళ్ళ కళ్ళకి అది న్యాయం కాదు. పైగా కెనన్ బాడీలో వణుకుని సరిదిద్దే ఏర్పాటు లేదు. వాళ్ళు అప్పట్లో దాన్ని లెన్సుల్లోనే పెట్టేవారు.

సోనీ ఆల్ఫా 100 బాడీలో ఆ ఏర్పాటుంది. 2006లో కెమెరాల వ్యాపారం మానేసిన కోనికా మినోల్టా నుంచి వచ్చిన తెలివి అది. కానీ మౌంటు వేరు. ఒలింపస్ ఈ-410 మరీ తేలిక, 375 గ్రాములు. దాని సెన్సారు చిన్నది కాబట్టి 50 ఎంఎం కాస్తా 100 అయి కూర్చుంటుంది. ఆయన చేతిలో అది సీతాకోకచిలకే.

మిగిలింది పెంటాక్స్ కె100డి. 2006లో లెన్సుతో 700 డాలర్లకి వచ్చింది. అప్పట్లో మా వాదనల్లో దాని పేరే లేదు. కాలేజీలో ఎవరి దగ్గరా చూడలేదు కూడా. సెన్సారు 6 మెగాపిక్సెళ్ళే, డీ40 తరహాదే. కానీ ఆ సెన్సారుని అయస్కాంతాల మధ్య వేలాడదీసి, చెయ్యి ఎటు కదిలితే అటు జరిపే ఏర్పాటు బాడీలోనే ఉంది. అంటే ఏ లెన్సు పెట్టినా పనిచేస్తుంది, కె1000 లెన్సుతో సహా. 1975లో మొదలైన కె మౌంటు కాబట్టి అడాప్టరుతో పనే లేదు. నాలుగు మామూలు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది, కైకలూరులో కూడా దొరికేవి. సెల్స్‌తో కలిపి సుమారు 660 గ్రాములు. అప్పటి సమీక్షల్లో అది లోపం. మాకు అర్హత. పాతది, కిట్ లెన్సుతో సహా ఎనభై డాలర్లకి దొరికింది.

పెట్టె వచ్చిన రోజు ఏమీ చెప్పకుండా షోకేసులోంచి కె1000 తీసి, లెన్సు విప్పి, దీనికి తగిలించాను. టక్‌మని కూర్చుంది. ఆ చప్పుడికి ఆయన టీవీ మీంచి తల తిప్పారు.

ఆన్ చెయ్యగానే లెన్సు ఎంత ఎంఎం అని కెమెరా అడుగుతుంది, వణుకు లెక్క కట్టడానికి. 50 అని ఇచ్చాను. వ్యూఫైండర్లోంచి చూసి ఆయన అన్న మొదటి మాట, "ఏంటండీ, దగ్గరికొచ్చేసింది?" సెన్సారు ఫిల్ము కంటే చిన్నది కాబట్టి 50 కాస్తా 75లా కనిపిస్తుందని చెప్పాను. "అయితే పోర్ట్రెయిట్ లెన్సయిందన్నమాట" అన్నారు. ఆ తరవాత మీటరింగ్ చెప్పబోయాను. మాన్యువల్ మోడ్‌లో ఒక బటను నొక్కితే లెన్సు క్షణకాలం మూసుకుని, వెలుతురు కొలిచి, షట్టరు వేగం తనే పెడుతుంది. ఆయన కిటికీ వైపు చూసి, "125, ఎఫ్/4" అన్నారు. బటను నొక్కితే కెమెరా కూడా 125 అంది. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసిన నాకు ఆ క్షణంలో మాట్లాడ్డానికి ఏమీ లేకపోయింది.

మొదటి రోజు ఫొటోలు మాత్రం బాలేవు. సెన్సారు జరిగే ఏర్పాటు చిన్న చిన్న కదలికల్ని పట్టుకుంటుంది గానీ, ఆయన బటను నొక్కేటప్పుడు వేలితో పాటు మొత్తం కెమెరా కిందికి ఒక కుదుపు కుదిపేది. అది దాని తాహతుకి మించిన కుదుపు. చిన్న స్క్రీన్ మీద చూసుకుని ఆయన ఏమీ అనలేదు. అత్తయ్యగారు వంటింట్లోంచి, "బాబూ, ఆయన్నింక విసిగించకండి" అన్నారు, మెల్లగానే. రెండు రోజులు కె100డి బల్ల మీదే ఉంది. మా ఆవిడ నాతో సరిగ్గా మాట్లాడలేదు.

దారి చూపింది ఆ కెమెరాలోని ఒక చిత్రమైన గుణం. మాన్యువల్ లెన్సు పెట్టి, ఫోకస్ మీటని ఆటోలో ఉంచి, షట్టరు బటను నొక్కి పట్టుకుంటే అది వెంటనే ఫొటో తియ్యదు. ఎదురుచూస్తుంది. ఎవరైనా సరిగ్గా ఆ ఫోకస్ దూరంలోకి వచ్చినప్పుడు దానంతటదే కొడుతుంది.  అంటే కుదుపు ముందే అయిపోతుంది. వేలు నొక్కే ఉంటుంది. ఫొటో తరవాత వస్తుంది.

ఇది ఆయనకి రెండు వాక్యాల్లో చెప్పాను. మూడోది అక్కర్లేకపోయింది. "పెళ్ళి పందిట్లో మెట్టు మీద ఫోకస్ పెట్టుకుని కూర్చునేవాణ్ణండీ, పెళ్ళికూతురు కాలు పెట్టేదాకా" అంటూ లేచారు. గోడకి ఆనుకుని, మోచేతులు రెండూ పొట్టకి అదుముకుని, హాల్లో కార్పెట్ అంచు మీద ఫోకస్ పెట్టుకున్నారు. మా పాపకి ఏడాదిన్నర. అటు చివర్నించి "తాతా" అంటూ పరిగెత్తుకొచ్చింది. కార్పెట్ అంచు దాటుతుంటే టక్. ఫొటోలో కుడి చెయ్యి కొంచెం మసగ్గా ఉంది. కళ్ళు మాత్రం సూదిలా ఉన్నాయి.

ఆ రాత్రి ఆయన పదకొండింటిదాకా నాతో మాట్లాడారు. బ్రోమైడ్ పేపరు, ఎన్‌లార్జరు, కరెంటు పోతే డార్క్‌రూమ్‌లో ఏం చేసేవారు, ఎవరి పెళ్ళిలో రీలు చుట్టుకోకుండా తిరిగితే ఎలా గట్టెక్కారు. వైట్ రాక్ లేక్‌కి ప్రతి శనివారం తీసుకెళ్ళాను. చలికాలంలో అక్కడికి తెల్లటి గూడబాతులొస్తాయి, కొల్లేటి వాటి కంటే పెద్దవి. 75తో పక్షుల ఫొటోలు రావని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆయన పక్షుల్ని తియ్యలేదు. పక్షుల్ని చూస్తున్న అత్తయ్యగారిని తీశారు. ఊళ్ళో అందరికీ ఫొటోలు తీసిన ఇంట్లో, ఆవిడ ఒక్కరే ఉన్న ఫొటో రేషన్ కార్డు కోసం తీసినదొక్కటేనట.

అన్నీ బాగా రాలేదు. పదింటిలో మూడు. చలి ఎక్కువున్న రోజు ఒక్కటీ రాదు, ఆ రోజు వణుకు ఎక్కువ. 1600 ఐఎస్ఓ పెడితే మచ్చలు మచ్చలుగా ఉంటుంది, ఇప్పటి ఫోన్లు నవ్విపోతాయి. ఆరు మెగాపిక్సెళ్ళు ఇప్పటి 4కె టీవీ తెరని కూడా పూర్తిగా నింపలేవు. అయినా పది అంగుళాల ప్రింటు హాయిగా వస్తుంది. పదిహేనేళ్ళుగా ఆ లెక్క చెబుతున్న నేను మొదటిసారి వేయించాను, వైట్ రాక్ లేక్ దగ్గర అత్తయ్యగారి ఫొటో.

ఏప్రిల్లో వెళ్తూ కె100డి పట్టుకెళ్ళారు. కె1000ని మాత్రం మా షోకేసులోనే వదిలారు, లెన్సు లేకుండా. రూమ్మేటుకి ఫోన్ చేసి మన వాదనలో గెలిచింది పెంటాక్స్ అని చెప్తే, "అదేం కెమెరా?" అన్నాడు. అప్పట్లో మేం లెక్కలోకే తీసుకోని ఆ కంపెనీ ఇప్పుడు రికో చేతుల్లో ఉండి ఇంకా అదే మౌంటుతో డీఎస్ఎల్ఆర్లు అమ్ముతోంది. నికాన్ వాళ్ళ చిన్న డీఎస్ఎల్ఆర్ల వరస 2018లో వచ్చిన డీ3500తో ఆగిపోయింది.

పోయిన వారం మామయ్యగారి ఫోన్. కొల్లేటి గట్టు మీద నించుంటే 75 చాలడం లేదట, అంటే ఇరుకైపోతోందని, వెడల్పు కావాలని. పాత 28 ఎంఎం ఎఫ్/2.8 ఒకటి నలభై డాలర్లకి దొరికింది, ఆ కెమెరా మీద 42లా పనిచేస్తుంది. వచ్చే నెల విజయవాడ వెళ్తున్న స్నేహితుడి సూట్‌కేసులో పెట్టి పంపుతున్నానని చెప్పాను. "ఫిల్టరు సైజు నలభైతొమ్మిదేనా అల్లుడుగారూ? నా దగ్గర పాత ఎల్లో ఫిల్టరు ఒకటుంది" అన్నారు.

నలభైతొమ్మిదేనండీ అన్నాను.